రొయ్యల గుంటల జిప్సీ: ఉప్పునీళ్ళు తాగిన బండిని ఇంటికాడే బాగుచేసుకున్న నా అనుభవం

కోస్తా పక్కన పాత ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి) కొనేవాళ్ళు చాలామంది ముందు ఇంజను సౌండు వింటారు, గేర్లు వేసి ఒక రౌండు కొడతారు, టైర్లు చూస్తారు, ఇంక బేరం మొదలుపెడతారు. గోనెపట్టా పరుచుకొని బండి కింద పడుకొని చూసేవాళ్ళు తక్కువ. మా నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, మైపాడు వైపు మాత్రం ముందు చూడాల్సింది అదే, ఎందుకంటే ఇక్కడ బండిని తినేసేది ఉప్పు. అందులోనూ రొయ్యల గుంటల గట్ల మీద తిరిగిన బండైతే ఇంక చెప్పే పనే లేదు.

నేను బాగుచేసుకున్నది అట్టాంటి బండే. 1998 మోడల్ మారుతి జిప్సీ కింగ్, సాఫ్ట్ టాప్, మా మేనమామది. ఫీడు బస్తాలు, ఏరేటర్ మోటార్లు, డీజిల్ క్యాన్లు అన్నీ దాంట్లోనే మోసేవాడు, వానాకాలం గట్టు జారుడుగా ఉంటే ఫోర్ వీల్ వేసుకొని గుంటల చుట్టూ తిరిగేవాడు. గుంటలు లీజుకి ఇచ్చేసినాక బండి చింతచెట్టు కింద పడి ఉండాది. పాతసామాన్లోళ్ళు వచ్చి రేటు అడుగుతా ఉంటే నాకు మనసొప్పలా. "మామా, దాన్ని తుక్కుకి ఎయ్యొద్దు, నేను తీసుకుంటా" అన్నా. "ఏం చేసుకుంటావ్ అల్లుడా, బ్రేకు తొక్కితే ఒక పక్కకి లాగేస్తాది, అరవై దాటితే స్టీరింగ్ వణుకుతాది, ఆటోనగర్‌లో చూపిస్తే ఇంజను బోరు చెయ్యాలన్నారు" అన్నాడు. ఇంజను స్టార్ట్ చేస్తే పొగ లేదు, ఆయిల్ తాగడం లేదు. నాకు అనుమానం అంతా కింద సామాను మీదే.

జిప్సీ సంగతి తెలియనోళ్ళకి రెండు ముక్కలు చెప్తా. మన దేశంలో ఇది 1985 డిసెంబర్‌లో వచ్చింది, అప్పట్లో 970 సీసీ ఇంజను, నాలుగు గేర్లు. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచి వైడ్ ట్రాక్ ఇచ్చారు, 1996లో 1298 సీసీ ఇంజను, ఐదు గేర్లతో జిప్సీ కింగ్ వచ్చింది, 2000లో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) వచ్చింది. నాది కార్బురేటర్ బండి, 60 హార్స్‌పవర్, టన్ను లోపే బరువు. పవర్ తక్కువైనా ఆ తేలిక వల్లే బురదలో, ఇసకలో పెద్ద పెద్ద బండ్లు దిగబడే చోట ఇది దాటేస్తాది. అమ్మకాలు ఆగిపోయి ఏళ్ళయినా ఆర్మీ, పోలీసు, ఫారెస్టు వాళ్ళు అంతకాలం వాడిన బండి కాబట్టి స్పేర్లకి కరువు లేదు. నెల్లూరు ఆటోనగర్‌లో కొన్ని దొరుకుతాయి, దొరకనివి మద్రాసు పుదుపేటలో దొరుకుతాయి, మనకి మద్రాసు ఎంత దూరం గనక.

బండి ఇంటికి తెచ్చినాక తెలిసినోళ్ళందరూ ఒకటే సలహా. బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్ ఎయ్యి, పెద్ద టైర్లు ఎయ్యి, పైన లైట్ బార్ పెట్టు అని. నేను మాత్రం ఒక వరస రాసుకొని గోడకి అంటించా. ముందు బండి ఆగాలి, తర్వాత చెప్పినట్టు తిరగాలి, తర్వాత వేడెక్కకుండా ఉండాలి, అవన్నీ అయినాకే మిగతావి. పాత బండికి అప్‌గ్రేడ్ అంటే నా లెక్కలో అది షోరూం నుంచి వచ్చిన రోజు ఎట్టా ఉండిందో ముందు అక్కడిదాకా తీసుకుపోవడం. అరిగిపోయిన బుష్‌ల మీద లిఫ్ట్ కిట్ వేస్తే ఆ డబ్బు బూడిదలో పోసినట్టే.

సామాన్ల విషయానికొస్తే, రెండు మంచి జాకీలు, నాలుగు స్టాండ్లు, రింగు పానాలు, బాక్సు పానాల సెట్టు, టార్క్ రెంచ్, ఇత్తడి పంచ్, గ్రీజు గన్, మల్టీమీటర్. వీటిలో స్టాండ్లు, టార్క్ రెంచ్ మీద మాత్రం పీనాసితనం చెయ్యొద్దు. జాకీ మీద బండిని ఉంచి కిందికి దూరడం అనేది ఎంత చిన్న పనికైనా చెయ్యకూడదు, దీంట్లో ఇంకో మాట లేదు.

మొదటి తిప్పలు బోల్టులే. ఉప్పు పట్టిన బోల్టుకి పానా పెట్టి బలంగా లాగితే తల తెగి చేతికొస్తాది. అందుకని నేను శనివారం పని పెట్టుకుంటే సోమవారం నుంచే ఆ బోల్టులన్నిటికీ వైర్ బ్రష్ కొట్టి, డబ్ల్యూడీ-40 కొట్టి, రోజూ సాయంత్రం ఇంకోసారి కొట్టి, సుత్తితో తలమీద మెల్లగా తడతా ఉన్నా. ఆ దెబ్బలకి తుప్పు పొర పగిలి నూనె లోపలికి దిగుతాది. శనివారానికి సగంపైన వచ్చేస్తాయి. రాని వాటికి నట్టు మీద గ్యాస్ మంట పెట్టి వేడి చేసి తిప్పాలి (పక్కన రబ్బరు, బ్రేక్ పైపు, పెట్రోల్ లైను ఉంటే మాత్రం మంట వద్దు). అప్పటికీ తెగిపోయిన స్టడ్డు మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తే ఆ వేడికే పట్టు వదిలి తిరిగి వచ్చేస్తాది. ఈ కిటుకు ఆటోనగర్‌లో లేత్ భాయ్ నేర్పించాడు, "తొందరపడబాక అన్నా, చల్లారినాక తిప్పు" అని పక్కనే నిలబడి.

ఇప్పుడు అసలు కథ, ముందు చక్రాల నకిల్స్, అంటే చక్రాన్ని పట్టుకొని స్టీరింగ్‌తో పాటు తిరిగే ఇనుప భాగాలు. స్టీరింగ్ వణుకుతా ఉందంటే చాలామంది వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తారు, పోకపోతే స్టీరింగ్ డ్యాంపర్ (వణుకుని అదిమే షాక్ అబ్జార్బర్ లాంటిది) మారుస్తారు. డ్యాంపర్ వణుకుని కొన్నాళ్ళు దాచిపెడతాది అంతే, కారణం అక్కడే ఉంటాది. జిప్సీకి ముందు కూడా ఒకే పెద్ద హౌసింగ్ (ఇరుసుని కప్పి ఉంచే ఇనుప గొట్టం), దాని రెండు చివర్లలో బంతి లాంటి గుండ్రటి భాగం, దానిపైన నకిల్, పైన ఒకటి కింద ఒకటి కింగ్ పిన్నులు, వాటికి చిన్న చిన్న టేపర్ రోలర్ బేరింగులు, రెండు పక్కలా కలిపి నాలుగు. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం మొత్తం వీటిమీదే తిరగాలి. ఇవి అరిగితే గతుకు తగలగానే చక్రాలు రెండూ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెడతాయి, బండి స్లో చేసేదాకా ఆగవు.

చెక్ చెయ్యడం సులువే. ముందుభాగం జాకీతో లేపి స్టాండ్ల మీద పెట్టి, చక్రాన్ని పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి పెట్టి ఊపాలి. ఆట (లూజు) ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపాలి. బ్రేకు తొక్కినాక ఆట పోతే వీల్ బేరింగు, అప్పటికీ ఉంటే కింగ్ పిన్ను. మా బండికి బ్రేకు తొక్కినా నకిల్ మొత్తం కదలడం కళ్ళకి కనిపించింది.

చక్రం, క్యాలిపర్ (డిస్కు మీద బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం), హబ్బు, స్పిండిల్ వరసగా విప్పాలి. క్యాలిపర్‌ని హోసు మీద వేలాడదియ్యకుండా కమాన్ పట్టీకి వైరుతో కట్టా. లోపలి నుంచి ఇరుసు బయటికి లాగితే దాంతోపాటు వచ్చింది చూడండి, గ్రీజు అనేదే లేదు, పాలు కలిపిన టీ రంగులో చిక్కటి ద్రవం కారింది. రెండు వైపుల నుంచి దెబ్బ అది. లోపల ఇరుసు ఆయిల్ సీలు పోయి హౌసింగ్‌లో గేర్ ఆయిల్ నకిల్‌లోకి వచ్చేసింది, బయట బంతి చుట్టూ తుడిచే రబ్బరు సీలు చీలిపోయి గుంటల ఉప్పునీళ్ళు లోపలికి పోయినాయి, రెండూ కలిసి గ్రీజుని కడిగేసినాయి. కింది బేరింగులు తుప్పుతో బిగుసుకుపోయి రోలర్లు తిరగడమే మానేసినాయి. చక్రం లోపలివైపు నూనె మరకలు కనిపిస్తే బయట నుంచే ఈ జబ్బు కనిపెట్టొచ్చు.

కడగడానికి డీజిల్, పాత పెయింటు బ్రష్షు. సీవీ జాయింటులో (చక్రం పక్కకి తిరిగినా ఇరుసు బలం అందించే కీలు) ఆరు ఉక్కు గుండ్లు ఉంటాయి, వాటిని ఒక్కొక్కటి బయటికి తీసి గాడుల్లో గుంటలు పడినాయా అని గోరుతో రాసి చూశా. కుడిపక్కది బాగుండాది, ఎడమపక్కది గుంటలు పడి ఉంటే పుదుపేట నుంచి తెప్పించా. పాత బేరింగుల బయటి రింగులు ఇత్తడి పంచ్‌తో ఒక పక్కన ఒక దెబ్బ, ఎదురు పక్కన ఒక దెబ్బ కొడతా మెల్లగా దింపాలి, ఉక్కు ఉలి పెడితే సీటు గీతలు పడిపోతాది.

ఇక్కడ అందరూ తేలిగ్గా తీసుకునే విషయం షిమ్‌లు. కింగ్ పిన్ను కింద కాగితం మందాన రేకులు ఉంటాయి, అవి పైనవి పైనే, కిందవి కిందే, ఏ పక్కవి ఆ పక్కకే పెట్టుకోవాలి. నాలుగు చిన్న కవర్లలో వేసి పైన పెన్నుతో రాసి పెట్టా. కొత్త బేరింగులు వేసి బిగించినాక, బయటి సీలు ఇంకా వెయ్యకుండా, నకిల్ ఆర్మ్‌లో టై రాడ్ దూరే రంధ్రానికి స్ప్రింగ్ కాటా తగిలించి లాగి చూడాలి. ఒక కేజీ నుంచి 1.8 కేజీల మధ్య లాగుడుకి నకిల్ కదలడం మొదలవ్వాలి. అంతకన్నా తేలిగ్గా కదిలితే షిమ్ తియ్యాలి, మరీ బిగుతుగా ఉంటే షిమ్ చేర్చాలి. మా మామ గుంటల్లో వల లాగి రొయ్యల బరువు చూసే కొక్కెం కాటా ఉంటే దాంతోనే ఈ పని చేసేశా. మామ పక్కన స్టూలేసుకొని కూర్చొని "ఇన్నేళ్ళు ఆ కాటాతో రొయ్యలే తూచినాం అల్లుడా, బండి కూడా తూచొచ్చని తెలీదు" అని ఎంత మురిసిపోయినాడో. ఎడమపక్క కొంచెం లూజు చూపిస్తే ఒక పలచటి షిమ్ తీస్తే సరిపోయింది.

తర్వాత మాలీ గ్రీజు దండిగా పెట్టి, కొత్త ఇరుసు సీళ్ళు, కొత్త బంతి సీళ్ళు వేసి బిగించా. ఈ పని బయట ఇస్తే సీలు ఒకటి మార్చి గ్రీజు కొట్టి ఇచ్చేస్తారు. వాళ్ళది తప్పని కాదు, గంటకింత అని బతికే మనిషి ఒక నకిల్‌ని పూటంతా కడుగుతా కూర్చోలేడు. ఇంటికాడ చేసుకోవడం వల్ల లాభం ఇదే అనిపించింది నాకు, డబ్బు కన్నా కూడా తీరిక.

ఆ గేర్ ఆయిల్‌లోకి నీళ్ళు ఎట్టా వచ్చాయి అనేది కూడా తెలుసుకోవాలి, లేకపోతే మళ్ళీ అదే జరుగుతాది. బండి తిరిగినప్పుడు హౌసింగ్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తాది, దానికి దారి ఇవ్వడానికి హౌసింగ్ పైన చిన్న బ్రీదర్ ఉంటాది. వేడిగా ఉన్న హౌసింగ్‌ని ఒక్కసారిగా నీళ్ళలో దింపితే లోపలి గాలి కుంచించుకుపోయి బయట నుంచి ఏది దొరికితే అది లాక్కుంటాది, బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే సీళ్ళ అంచుల నుంచి నీళ్ళు పీల్చుకుంటాది. మా బండి బ్రీదర్లు రెండూ రాయి లెక్కన గట్టిపడిపోయి ఉండాయి. అవి తీసేసి హోసు నిప్పుల్స్ పెట్టి, మంచి రబ్బరు హోసు వేసి, ముందుది ఇంజను గది వెనక గోడ దాకా, వెనకది టెయిల్ ల్యాంప్ వెనకదాకా పైకి తీసుకుపోయి, మూతి కిందికి వంచి చిన్న ఫిల్టర్ పెట్టా. గేర్ బాక్సుకి, ట్రాన్స్‌ఫర్ కేసుకి (ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకి పంచే పెట్టె) కూడా ఇదే. నా బండికి నేను చేసిన వాటిలో నిజమైన అప్‌గ్రేడ్ ఏదంటే ఇదే చెప్తా, ఖర్చు చూస్తే ఒక హోటల్ భోజనం బిల్లు కూడా కాదు. రొయ్యల గుంటల దగ్గర ఫోర్ బై ఫోర్ వాడే ప్రతి ఒక్కరూ వెంటనే చేయించుకోవాల్సిన పని ఇది.

ఆయిల్ మార్చేటప్పుడు డ్రెయిన్ బోల్టు కన్నా ముందు పైన ఫిల్లింగ్ బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. కింద ఖాళీ చేసినాక పైది ఊడకపోతే బండి అక్కడే ఉండిపోతాది. డిఫరెన్షియల్స్‌కి (ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాల్ని వేరువేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టెలు) 80డబ్ల్యూ-90 జీఎల్-5 రకం ఆయిల్, గేర్ బాక్సుకి జీఎల్-4 రకం. ఒకటే డబ్బా తెచ్చి రెండిట్లో పోసే అలవాటు చాలాచోట్ల ఉంది, గేర్ బాక్సు లోపల గేర్లు మెత్తగా పడేట్టు చేసే ఇత్తడి సింక్రో రింగులకి కొన్ని జీఎల్-5 ఆయిల్స్ పడవు.

బ్రేకుల పని చెప్తే పొడుగవుతాది కానీ ప్రాణానికి సంబంధించింది కాబట్టి చెప్పాలి. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఒక పక్కకి లాగడానికి కారణం ఎడమ క్యాలిపర్ పిస్టన్ తుప్పుతో పట్టేసి ఉండటం. వెనక వీల్ సిలిండర్లు రెండూ కారతా ఉండాయి, ఛాసిస్ వెంట పోయే స్టీలు పైపులు ఒకచోట వేలితో నొక్కితే పొట్టు రాలింది. కిట్లు వేసి సరిపెట్టకుండా క్యాలిపర్లు, వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు అన్నీ కొత్తవే వేశా, పైపులు పాతవి కొలతకి ఇచ్చి ఆటోనగర్‌లో వంచి, మూతులు డబుల్ ఫ్లేర్ (అంచు రెండు మడతలుగా వెడల్పు) చేయించి తెచ్చా. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటాది, మన కోస్తా గాలికి ఇంకా తొందరగా, ఆ తేమే పైపుల్ని లోపల నుంచి తినేస్తాది. రెండేళ్ళకోసారి మొత్తం మార్చడం మంచిది. బ్రేకు పైపుల్లో గాలి తీసేటప్పుడు మా అబ్బాయి సీట్లో కూర్చున్నాడు. "తొక్కు నాయనా... పట్టుకో... వదలబాక" అని నేను కింద నుంచి, "పట్టుకున్నా నాయనా" అని వాడు పై నుంచి. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి, అంటే వెనక ఎడమ, తర్వాత వెనక కుడి, తర్వాత ముందు ఎడమ, ఆఖరుకి ముందు కుడి. పెడల్ రాయిలా గట్టిగా వచ్చేదాకా వదల్లా.

కూలింగ్ సంగతి. మే నెలలో నెల్లూరు ఎండ 44 డిగ్రీలు దాటిన రోజులు మనకి కొత్త కాదు, ఆ ఎండలో ఘాట్ రోడ్డు ఎక్కాలంటే రేడియేటర్ బాగుండాలి. బండికి ఎవరో ఎప్పుడో థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కినాకే నీళ్ళని రేడియేటర్‌కి వదిలే వాల్వు) తీసి పారేశారు. మన ఎండకి అది అక్కర్లేదు అనే మాట ఆటోనగర్‌లోనే కాదు, ఊరూరా వింటాం. కానీ అది లేకపోతే ఇంజను చల్లగానే తిరగతా ఉంటాది, పెట్రోల్ ఎక్కువ తాగుతాది, దగ్గర దగ్గర తిరుగుళ్ళకి ఆయిల్‌లో తేమ చేరి బురదలా అవుతాది. బండి వేడెక్కడానికి అసలు కారణం రేడియేటర్ లోపల సున్నం లాగా పట్టిన పొర. మా వైపు బోరు నీళ్ళు ఉప్పు, అవే ఏళ్ళ తరబడి రేడియేటర్లో పోసినారు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళతో తిప్పి కడిగితే కొంత వచ్చింది, మిగతాది రేడియేటర్ షాపులో పైట్యాంకు విప్పించి రాడింగ్ (గొట్టాల్లో సన్నటి కమ్మీలు దూర్చి శుభ్రం చెయ్యడం) చేయించా. కొత్త థర్మోస్టాట్ వేసేముందు గిన్నెలో నీళ్ళు కాచి థర్మామీటర్ పెట్టి చూశా, 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటా ఉండాది. కొత్త మూత, కొత్త హోసులు, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్. అంతే, ఇప్పుడు ముల్లు మధ్యలో నిలబడితే కదలదు. టైమింగ్ బెల్టు కూడా వయసైపోయిన రబ్బరే కాబట్టి టెన్షనర్‌తో కలిపి మార్చేశా.

పెట్రోల్ గురించి పాత కార్బురేటర్ బండ్లోళ్ళు ఇప్పుడు జాగ్రత్త పడాలి. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ రావడం మొదలైంది, ఇప్పుడు ఏ బంకులో చూసినా దాదాపు అదే. మన బండ్లలో రబ్బరు దానికోసం చేసింది కాదు, పాత హోసులు మెత్తబడి ఉబ్బి చీలతాయి, వేడి ఇంజను పక్కన పెట్రోల్ కారితే ఏం జరుగుతాదో చెప్పక్కర్లేదు. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా హోసులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి వేశా, పంపు డయాఫ్రం, కార్బురేటర్ కిట్టు మార్చా. ఇథనాల్ ట్యాంకులో పాత మడ్డిని కూడా కరిగించి తెచ్చి జెట్లలో పెడతాది, అందుకే ట్యాంకు దించి కడిగి, ఫిల్టర్ తొందర తొందరగా రెండు సార్లు మార్చా. ఇంకోటి, కార్బురేటర్‌కి తనంతట తాను సర్దుకోవడం తెలీదు, ఇథనాల్‌తో గాలీ పెట్రోల్ మిక్చర్ పలచబడతాది, కాబట్టి మిక్చర్ స్క్రూ కొంచెం రిచ్ (పెట్రోల్ పాలు ఎక్కువ) చేసుకొని ప్లగ్గు రంగు చూసుకోవాలి. లేత గోధుమ రంగు వస్తే సరి. బండిని నెలల తరబడి నిలిపేటట్టయితే ట్యాంకులో ఈ పెట్రోల్ ఉంచొద్దు, తేమ పీల్చుకొని నీళ్ళు అడుక్కి చేరతాయి.

లైట్లు మసక అని మామ ఎప్పుడూ అనేవాడు. మల్టీమీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గరకీ బల్బు దగ్గరకీ వోల్టు పైనే తేడా. వోల్టేజీ పదోవంతు తగ్గితే హాలోజన్ బల్బు వెలుతురు దాదాపు మూడోవంతు పోతాది. అందుకని ఎక్కువ వాట్ల బల్బు జోలికి పోకుండా మామూలు 55/60 వాట్ల బల్బులే ఉంచి, బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి మందం వైరు లాగి రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చులు) పెట్టా, పాత స్విచ్చు ఇప్పుడు రిలేని మాత్రమే పనిచేయిస్తాది. ఎర్తు పాయింట్లన్నీ తెల్లగా మెరిసేదాకా గీకి బిగించి పైన వ్యాసెలిన్ పూశా. ఉప్పు గాలిలో ఎలక్ట్రికల్ కంప్లయింట్లు సగం ఈ ఎర్తు దగ్గరే.

కమాన్ కట్టలు నాలుగూ దించి, పట్టీలు విడదీసి, తుప్పు గీకి, మధ్యలో గ్రాఫైట్ గ్రీజు పూసి, బుష్‌లు, షాకిల్ పిన్నులు, యూ బోల్టులు కొత్తవి వేశా. బుష్ బోల్టులు ఫైనల్‌గా బిగించేది బండి నేల మీద తన బరువుతో నిలబడినాకే. గాల్లో ఉన్నప్పుడు బిగించేస్తే కిందికి దించగానే రబ్బరు మెలి తిరిగి తొందరగా చీలిపోతాది. పట్టీలు కదలడం మొదలయ్యేసరికి జిప్సీ అంటే నడుము పోతాది అనే మాట సగం తగ్గిపోయింది.

టైర్లు కంపెనీ సైజే, 205/70 ఆర్15. 215/75 వేస్తే టైరు ఎత్తు 668 మిల్లీమీటర్ల నుంచి 703 దాటుతాది, అంటే ఐదు శాతం పైన. స్పీడోమీటర్ 60 చూపిస్తే నిజంగా 63 పోతా ఉంటాం, 60 హార్స్‌పవర్ ఇంజనుకి ప్రతి గేరూ బరువవుతాది. చూడ్డానికి బాగుంటాది, కాదనను. కానీ చట్టం కూడా చూసుకోవాలి కదా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు, రెండూ ఒకటే మాట చెప్తాయి, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు. బుల్ బార్లు వద్దని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే చెప్పింది, మా బండికి ఉన్న బరువైన ఇనుప బారు కోసి తీసేస్తే ముందు పట్టీల మీద భారం కూడా తగ్గింది. సొంత బండికి పదిహేనేళ్ళు దాటితే ఐదేళ్ళకోసారి ఆర్‌సీ రెన్యువల్, అప్పుడు బండి చూపించాలి. మా బండికి మళ్ళీ 2028లో వస్తాది, అప్పుడు ఎవరు ఏం అడిగినా తలెత్తుకొని చూపించొచ్చు.

తుప్పు పని విసుగు, కానీ మనవైపు అదే పునాది. మ్యాట్లు ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఫ్లోరులో రెండుచోట్ల నేల కనిపించింది. పైన పుట్టీ, ఫైబరు అతికించి రంగు కొట్టడం నాకు నచ్చదు, లోపల తినడం ఆగదు. మంచి రేకు వచ్చేదాకా కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించా (బ్యాటరీ వైర్లు పీకి, ట్యాంకు దించేసి). ఛాసిస్ పెట్టె లోపల నీళ్ళు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి ఉండాయి, కమ్మీతో పొడిచి పైపు పెట్టి కడిగితే తట్టెడు మట్టి వచ్చింది. తుప్పు కన్వర్టర్, జింక్ ప్రైమర్, పైన రంగు, ఛాసిస్ లోపలికి వ్యాక్స్ స్ప్రే. కాలిన ఇంజను ఆయిల్ కొట్టే పద్ధతి మా ఊర్లో ఉంది, అది రబ్బరు బుష్‌లని పాడు చేస్తాది, చుక్క చుక్క కారి నేలని పాడు చేస్తాది.

అన్నీ అయినాక ఊర్లో చిన్న చిన్న తిరుగుళ్ళు తిరిగి, ప్రతిసారీ దిగి హబ్బుల మీద చెయ్యి పెట్టి వేడి చూసుకొని, బోల్టులు ఇంకోసారి టార్క్ చూసి, అప్పుడు పెద్ద టూరు. మామని ముందు సీట్లో కూర్చోబెట్టుకొని నెల్లూరు నుంచి ఆత్మకూరు, ఉదయగిరి, సీతారాంపురం మీదుగా భైరవకోన. ఉదయగిరి దుర్గం కొండ కనిపించేసరికి మామ "వణుకుడేది రా" అన్నాడు, అప్పటికి డెబ్బైలో పోతా ఉండాం. చేతులు వదిలితే కూడా బండి గీత గీసినట్టు పోతా ఉండాది. వెలిగొండల కింద ఒక వాగులో, గుండ్రాళ్ళ మధ్య, ముందు చక్రాలు ఇరుసుతో కలిసేట్టు హబ్బులు లాక్ చేసి, ‘ఫోర్-లో’ (నాలుగు చక్రాలకీ తక్కువ స్పీడు, ఎక్కువ బలం ఇచ్చే గేరు) వేసి మొదటి గేర్లో వదిలితే యాక్సిలరేటర్ తొక్కే పనే లేకుండా రాయి మీద రాయి ఎక్కి దిగి పోయింది. ఒకటి గుర్తుంచుకోవాలి, జిప్సీకి మధ్యలో డిఫరెన్షియల్ లేదు, తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడిపితే ముందూ వెనకా ఇరుసులు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి, రోడ్డెక్కగానే తీసెయ్యాలి. భైరవకోనలో కొండని తొలిచిన ఎనిమిది శివాలయాలు చూసి, జలపాతం కాడ స్నానం చేసి తిరిగొచ్చాం. ఇంటికొచ్చి బంతి సీళ్ళ కింద చూస్తే నూనె చుక్క లేదు, డిఫరెన్షియల్ ఆయిల్ తీసి చూస్తే నీళ్ళ జాడ లేదు.

మైపాడు బీచ్‌లో ఇసకలో తిప్పి చూపించమని కుర్రోళ్ళు అడుగుతా ఉంటారు. నేను తిప్పను. ఒకటి ఉప్పు, రెండోది శీతాకాలం నుంచి ఎండలు ముదిరేదాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసకలో గుడ్లు పెడతాయి, ఎక్కడ పెట్టినాయో పైకి కనపడదు. ఇసక డ్రైవింగ్ నేర్చుకోవాలంటే టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించుకొని మన చవుకు (సరుగుడు) తోటల దారుల్లో నేర్చుకోవచ్చు, మళ్ళీ రోడ్డెక్కే ముందు గాలి పట్టించుకోవాలి.

ఇంకా మిగిలింది ట్రాన్స్‌ఫర్ కేసు. జిప్సీకి అది గేర్ బాక్సు నుంచి విడిగా, మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడతా ఉంటాది. మౌంట్లు చచ్చిపోతే మూడో గేర్లో లివరు గలగలలాడతాది, మాది అదే చేస్తా ఉంది. వానలు మొదలవ్వక ముందే దించి మౌంట్లు, అవుట్‌పుట్ సీళ్ళు మార్చాలి, సామాను తెప్పించి పెట్టా, మామ కూడా వస్తానన్నాడు.